చుక్కలు టీచరువి, గీత పిల్లలది

నడిమి వరుసలో 7 చుక్కలు పెట్టి, అటూ ఇటూ సందు చుక్కలుగా 6, 5, 4 దించుకుంటూ వెళ్తే మొత్తం 37 చుక్కలు. అవే 7 చుక్కల్ని చుక్క కింద చుక్క వచ్చేలా 5, 3, 1కి దించితే 25. పిఠాపురం వీధుల్లో నెలగంట పెట్టిన నాటి నుంచి చిన్నపిల్లలు కూడా ఈ లెక్క నేర్చేసుకుంటారు. పెద్దవాళ్ళు నేర్పేది చాలావరకు ఇంతే: చుక్కలు వంకర పోకుండా ఎలా పెట్టాలి, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నుంచి పిండి ఎలా జార్చాలి. చెయ్యి తటపటాయిస్తే అక్కడ ముద్ద పడుతుంది, తొందరపడితే గీత తెగుతుంది. మెలికల ముగ్గయితే ఇంకో కట్టుబాటుంది. గీత చుక్కను తాకకూడదు, తిరిగి తిరిగి మొదలైన చోటికే రావాలి. ఆ పైన 37 చుక్కల్లో తామర విరియాలా, చిలకలు వాలాలా అన్నది ముగ్గు వేసే పిల్ల ఇష్టం. అందుకే ఒకే లెక్కతో మొదలైన ముగ్గులు వాకిలి వాకిలికీ మారిపోతాయి. ప్రాథమిక బడిలో చిత్రకళ ఎలా నేర్పాలన్న ప్రశ్నకు మన వాకిట్లోనే సమాధానం ఉందని నా వాదన. పద్ధతి పెద్దలు నేర్పాలి, ఏం చెయ్యాలన్న నిర్ణయం పిల్లలకు వదలాలి.

బడిలో మామూలుగా జరిగేది ఇందుకు తలకిందులు. టీచరు బోర్డు మీద మామిడికాయో, గుడిసెనో, జెండానో గీస్తే తరగతంతా దాన్నే దించుతుంది. ఎవరిది బోర్డు మీద బొమ్మకు దగ్గరగా ఉంటే వాళ్ళకి వెరీగుడ్. చుక్కలూ టీచరువే, గీతా టీచరుదే అయ్యాక పిల్లవాడికి మిగిలేది రంగు పులమడం. ఇందులో తప్పంతా టీచర్ల మీద వెయ్యడం అన్యాయం. 2009 నాటి విద్యాహక్కు చట్టం 6 నుంచి 8 తరగతుల బడుల్లో పిల్లలు 100కి మించితేనే చిత్రకళకు పార్ట్‌టైమ్ బోధకుడు ఉండాలంది. 1 నుంచి 5 వరకు ఆ ఊసే లేదు. అదే చట్టం ప్రకారం 60 మంది లోపు పిల్లలున్న ప్రాథమిక బడికి ఇద్దరు టీచర్లు. ఇద్దరూ కలిసి అయిదు తరగతులు ఈదుకొస్తుంటే బోర్డు మీద ఒక బొమ్మ గీసి దించమనడమే తేలికని తోస్తుంది.

కానీ అలాంటి బడికే పిల్లల ఎంపిక ఎక్కువగా పనికొస్తుంది. పీరియడ్లో మొదటి పది నిమిషాలు ఒక మెలకువ నేర్పాలి: రెండు రంగులు కలపడం, మట్టి ముద్దలు ఊడిపోకుండా అతికించడం, అలాంటిది ఏదో ఒకటి. ఆ తర్వాత ఒక మూల కాగితాలూ క్రేయాన్లూ, ఇంకో మూల చెరువు మట్టి, వరండాలో ముగ్గుపిండి, బల్ల మీద గళ్ళ కాగితం. ఎక్కడ కూర్చోవాలో, ఏం చెయ్యాలో పిల్లలే తేల్చుకుంటారు. మొదలుపెట్టిన పని రెండు మూడు వారాలు సాగినా సాగనివ్వాలి. రెండో తరగతి పిల్లా అయిదో తరగతి పిల్లాడూ ఒకే మట్టి దగ్గర కూర్చోవచ్చు. ఎవరి స్థాయిలో వాళ్ళు పని చేస్తారు కనుక అయిదు తరగతులకు అయిదు పాఠాలు అక్కర్లేదు.

గళ్ళ కాగితం సంగతి కాస్త ఆగి చూడాలి, ఎందుకంటే పిఠాపురానికి దగ్గర్లోనే ఉప్పాడ ఉంది. 2009లో భౌగోళిక గుర్తింపు పొందిన ఉప్పాడ జాందానీలో బుటా ముందు గళ్ళ కాగితం మీదే పుడుతుంది. తర్వాత మగ్గం మీద పడుగు పోగుల మధ్య అదనపు పేక పోగుల్ని చేత్తో దూర్చి ఆ బుటాను నేస్తారు. ఇప్పుడు ఒక పిల్ల 10 గళ్ళ వెడల్పులో మామిడిపిందె బుటా గీసుకుందనుకుందాం. వంపు రావలసిన చోట మెట్లు మెట్లుగా వస్తుంది. రబ్బరుతో చెరిపి 20 గళ్ళకు పెంచితే మెట్లు చిన్నవై వంపు కనిపిస్తుంది, కానీ నింపాల్సిన గళ్ళు నాలుగింతలవుతాయి. వంపు కావాలా, పని తగ్గాలా? జాందానీకి నమూనా గీసేవాళ్ళూ తేల్చుకోవలసిన ప్రశ్నే ఇది. టీచరు గీసిచ్చిన బుటాలో రంగు నింపే పిల్లకు ఈ ప్రశ్న ఎదురే కాదు.

ముందు చెయ్యి తిరగాలి, ఎంపిక తర్వాత అనే వాళ్ళున్నారు. డ్రాయింగ్ లోయర్, హయ్యర్ పరీక్షలకు కూర్చున్న వాళ్ళకు ఆ సాధన విలువ తెలుసు, దాన్ని నేనూ కాదనను. కానీ సాధన దేనికి అలవడుతుంది? రాజమండ్రి చిత్రకారుడు దామెర్ల రామారావు బొంబాయి జె.జె. స్కూల్లో గట్టి శిక్షణే పొందాడు. అంతకు ముందు రాజమండ్రి ఆర్ట్స్ కళాశాల ప్రిన్సిపాల్ ఆస్వాల్డ్ కూల్డ్రే ఆ కుర్రవాడి అభిరుచిని గుర్తించి ప్రోత్సహించాడు. ఇష్టం ముందు, శిక్షణ వెనుక. 28 ఏళ్ళు నిండకుండానే, 1925లో పోయినా, ఆంధ్ర చిత్రకళకు తనదైన దారి చూపాడు.

స్వేచ్ఛ ఇస్తే పిల్లలు ఎప్పుడూ రెండు కొండలు, మధ్య సూర్యుడు, ఒక గుడిసె గీస్తారన్నది ఇంకో అభ్యంతరం. ఇది నిజం. అసలు ఏమీ నేర్పకపోవడం స్వేచ్ఛ కాదు. 1897లో వియన్నాలో ఫ్రాంజ్ చిజెక్ పిల్లల చిత్రకళా తరగతి మొదలుపెట్టి వాళ్ళకు పూర్తి స్వేచ్ఛ అన్నాడు. ఆ పిల్లల బొమ్మల్లో ఒకే పోలిక కనిపిస్తోందని విమర్శకులు తర్వాత ఎత్తిచూపారు. గురువు ఇష్టాయిష్టాలు నోరు విప్పకుండానే తరగతిలోకి వచ్చేస్తాయి. కాబట్టి కట్టుబాటు ఉండాలి, అది అందరికీ కనబడేలా ఉండాలి. ఆ గుడిసెనే పైనుంచి చూసినట్టు గీయమనండి, మట్టితో చెయ్యమనండి, పిఠాపురం పాదగయ గుడి కోనేరు పక్కన పెట్టమనండి. ఇవన్నీ కొత్త చుక్కలే.

మార్కుల మాటకొస్తే, ఒక్కో పిల్లకూ ఒక అట్ట ఫైలు చాలు. మొదటి ప్రయత్నం, చెడిపోయింది, చివరిది వరసగా ఉంచితే ఎదుగుదల తల్లిదండ్రులకే కనిపిస్తుంది. మరి ఇంట్లో ముగ్గు ఆడపిల్లల పని అయిపోయింది కదా అంటారా? బడిలో అది ఎంచుకున్న వాళ్ళ పని. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ బడుల్లో శనివారం ఇప్పుడు నో బ్యాగ్ డే కనుక తీరికా ఉంది. సంక్రాంతి పండగ చివర వాకిట్లో వేసే రథం ముగ్గు తాడును ఊళ్ళో పక్కింటి రథం దాకా లాగి కలుపుతారు. బడి ఆవరణలో ఒక్కో తరగతీ తన రథాన్ని తన ఇష్టప్రకారం వేసుకుని, తాడు మాత్రం ఒకటో తరగతి గుమ్మం నుంచి అయిదో తరగతి గుమ్మం దాకా తెగకుండా లాగవచ్చు.