సీతమ్మ కన్నీళ్లు పూచే కొండ

వేసవిలో చూసినవాళ్లెవరూ నిన్ను నమ్మరు, కాస్ పఠారమ్మా! మహారాష్ట్రలోని సతారా నుంచి 25 కిలోమీటర్లు పడమటికి కొండెక్కి వస్తే, 1200 మీటర్ల ఎత్తున పీఠభూమి, కనుచూపు మేరా మాడిన రాయి. లావా పొర మీద పొరగా గడ్డకట్టి ఆరున్నర కోట్ల ఏళ్లయింది. ఆ తర్వాతి వానలు నీ సారమంతా కడుక్కుపోయి ఇనుప తుప్పు రంగు మిగిల్చాయి. చెట్టు వేరు దించుకునేందుకు చోటేదీ? పగుళ్లలో ఇంత, పల్లాల్లో ఇంత, అంతే నీ మన్ను.

ఆ పిడికెడు మన్నుకే నా దండం.

జూన్‌లో మబ్బు నీ మీదికే దిగి కూర్చుంటుంది. రాయి నీళ్లు తాగదు; పల్లం పల్లమూ మడుగవుతుంది. ఆగస్టు గడిచేసరికి తెల్లని బొడిపెల గేంద్, గులాబీ రంగు తెరడా, పచ్చని సోన్కీ పూస్తాయి. ఇవాళ ఊదా అయిన మైదానం పక్షం తిరిగేసరికి పసుపు. నీ మీద, నీ చుట్టూ 850కి పైగా పూమొక్కల జాతులున్నాయట. అన్నీ పేరుపేరునా కొలవడం నా తరమా!

ఒక్కదాన్ని మాత్రం వదలను. ఊదా నీలంలో వేలికొస అంత పువ్వు. ఇక్కడివాళ్లు దాన్ని సీతమ్మ కన్నీళ్లంటారు. పేరు అంత మెత్తన, బతుకేమో వేట! తడిమట్టిలో దాని సన్నని తిత్తులు నోళ్లు మూసుకుని కాచుకుంటాయి. సూక్ష్మజీవి ఒకటి వచ్చి తగిలిందా, రెప్పపాటుకు చాలా ముందే, నీటితో సహా లోపలికి గుంజేస్తాయి. నువ్వు పెట్టలేని నత్రజనిని అది అలా సంపాదించుకుంటుంది. పక్కనే డ్రోసెరా మొక్క ఎర్రని జిగురు బొట్లతో చీమలకూ దోమలకూ వల పన్నుతుంది. లేమిలో పుట్టిన ఈ తెలివిని చూస్తే, ఎరువు పోసి పెంచిన తోటలు నాకు చప్పగా తోస్తాయి.

టోప్లీ కార్వీకి తొందర లేదు. బోర్లించిన బుట్టలా గుబురుగా పెరిగి, ఏడేళ్లకోసారి వాలంతా ఊదారంగు చేస్తుంది. ఆరేళ్లు దాన్ని ఆకుగా ఓర్చుకున్న తల్లివి.

మా తెలుగువాళ్లకు నువ్వు పరాయిదానివీ కావు. నీ తూర్పున ఉర్మోడి, పడమట కోయన. రెండూ చేరేది కృష్ణలోనే. నీ పూలను తడిపిన వానలో కొంతైనా శ్రీశైలం, సాగర్ దాటి బెజవాడ బ్యారేజీ చూస్తుంది.

2012లో యునెస్కో పడమటి కనుమలతో పాటు నిన్నూ ప్రపంచ వారసత్వంలో చేర్చింది. జనం విరగబడ్డారు. కంచె వేశారు, దానివల్ల పశువులు మేయకపోతే గడ్డి పెరిగి పొట్టి పూలను కమ్మేస్తుందన్న వాదనా లేచింది. నా ఓటు పశువులకే. కంచె పడేదాకా తరతరాలుగా అవి నీ మీద మేస్తూనే వచ్చాయి, నువ్వు పూస్తూనే వచ్చావు.

చదివేవారికి ఒక్క మాట. రోజుకు ఇంతమందేనని పరిమితి ఉంది, ముందే ఆన్‌లైన్‌లో టికెట్టు తీసుకోండి. సెప్టెంబరులో, సెలవు కాని రోజు చూసుకుని వెళ్లండి. ఫొటో కోసం పూల నడుమ కూర్చోకండి. వచ్చే ఏటి విత్తనాలు పడేది ఆ కాస్త మన్నులోనే. కాలిబాట దిగకండి.