పండుగ కానుకగా ఒక తులం అత్తరు

రంజాన్ నెల చివరి రోజుల్లో హైదరాబాద్ పాతబస్తీలో, పత్తర్‌గట్టి నుంచి చార్మినార్ దాకా ఉన్న అత్తరు దుకాణాల ముందు నిలబడటానికి చోటుండదు. బట్టలు, గాజులు, ఖర్జూరాలు, సేమ్యాలు కొనడం అయ్యాక చాలామంది ఆగేది అక్కడే. ఈద్ నాటి ఉదయం స్నానం చేసి, ఉన్నంతలో మంచి బట్టలు వేసుకుని, సువాసన పూసుకుని నమాజుకు వెళ్లడం ఆచారం. మద్యసారం కలవని పరిమళం కాబట్టి అత్తరుకు అక్కడ ప్రత్యేక మన్నన. దుకాణదారు గాజుపుల్లతో ముంజేతి మీద చిన్న గీత గీస్తాడు. నచ్చితే తులమో, అర తులమో చిన్న బుడ్డిలో పోసిస్తాడు. ఒక బుడ్డి తనకు, ఇంకొకటి తండ్రికి, మరొకటి బావగారికి.

పండుగనూ పరిమళాన్నీ కలిపి చూడటం తెలుగునాట కొత్త కాదు. 14వ శతాబ్దం చివర కొండవీడును ఏలిన కుమారగిరి రెడ్డి వసంతోత్సవాలకు పెట్టింది పేరు. ఆయనను కర్పూర వసంతరాయలు అన్నారు. ఆ ఉత్సవాలకు కావలసిన సుగంధ ద్రవ్యాలను సమకూర్చినవాడు అవచి తిప్పయ్య సెట్టి. సముద్రం దాటి వచ్చే కర్పూరం, కస్తూరి, చందనాల వర్తకంలో ఆయన ఎంత ఎదిగాడంటే, శ్రీనాథుడు హరవిలాసాన్ని ఆయనకే అంకితమిచ్చాడు. మన పెళ్లిళ్లలో వాకిట నిలబడి పన్నీరు చల్లేవారూ, గంధం పూసేవారూ ఆ మర్యాదకు వారసులే.

ఇప్పుడు దసరాకో దీపావళికో సెంటు కానుకగా ఇవ్వాలంటే చేయి విమానాశ్రయ దుకాణంలోని పెట్టె వైపు పోతుంది. ఆ సెంట్లను నేను తక్కువ చేయను. కానీ డాలస్‌లో ఇచ్చినా, దుబాయ్‌లో ఇచ్చినా, విజయవాడలో ఇచ్చినా అదే సీసా, అదే వాసన. ఈ విసుగులోంచే పాశ్చాత్య దేశాల్లో ‘నిష్’ పరిమళాలు పుట్టాయి. 1976లో జాన్ లాపోర్త్ పారిస్‌లో స్థాపించిన లార్తిజాన్ పర్ఫ్యూమర్‌ను ఆ దారిలో తొలి అడుగుల్లో ఒకటిగా చెబుతారు. అందరికీ నచ్చాలన్న తొందర లేకుండా, కొద్ది మోతాదులో, తయారుచేసినవారి అభిరుచి తెలిసేలా చేయడం వాటి ఆకర్షణ. వాటి కోసం వేలకు వేలు పెట్టే మన పిల్లలు వెతుకుతున్న గుణాలన్నీ ఉత్తరప్రదేశ్‌లోని కన్నౌజ్ బట్టీల్లో తరతరాలుగా ఉన్నాయని నా నమ్మకం. చార్మినార్ దగ్గరి మంచి అత్తర్లకూ ఆ ఊరే పుట్టిల్లు.

అక్కడి పద్ధతిని దేగ్-భాప్కా అంటారు. దేగ్ అంటే పెద్ద రాగి పాత్ర. తెల్లవారుజామున కోసిన పూలను వాడిపోకముందే అందులో వేసి, నీళ్లు పోసి మూత పెడతారు. మూత అంచుకు బంకమట్టీ దూదీ కలిపిన ముద్దను మెత్తుతారు. ఆవిరి రవ్వంత కూడా బయటికి పోకూడదు. మూతలోంచి వెదురు గొట్టం ఒకటి కిందికి దిగుతుంది. దాని పేరు చోంగా. వేడి తగ్గకుండా దానికి తాడు చుడతారు. అది వెళ్లి చేరే సన్నమూతి రాగి బుడ్డి భాప్కా. భాప్కా నీటితొట్టిలో మునిగి ఉంటుంది, దాని కడుపులో ముందుగానే పోసిన చందన తైలం ఉంటుంది.

కింద కట్టెలో, పిడకలో మండుతుంటాయి. పూల ఆవిరి గొట్టం గుండా వచ్చి, చల్లటి భాప్కాలో నీరై, చందన తైలంలోకి తన వాసనను వదులుతుంది. మంట ఎక్కువైతే పువ్వు మాడు వాసన వేస్తుంది, తగ్గితే ఆవిరి ఆగిపోతుంది. సంప్రదాయ బట్టీలో దీన్ని చూసుకోవడానికి మీటరు ఉండదు. పనివాడు దేగ్‌లోంచి వచ్చే చప్పుడు వింటాడు. తొట్టిలో చేయి పెట్టి భాప్కా ఎంత వేడెక్కిందో, ఎంత నిండిందో పోల్చుకుంటాడు. భాప్కా మార్చే వేళ దేగ్‌ను తడిగుడ్డతో తుడుస్తాడు. ఆ కాసేపు ఆవిరి నెమ్మదిస్తుంది. ఈ చేతి లెక్కను ఏళ్ల తరబడి పెద్దవాళ్ల పక్కన కూర్చుని నేర్చుకోవలసిందే.

భాప్కా చల్లారాక నూనె పైకి తేలుతుంది. అడుగున చేరిన నీటిని వేరుచేసి, మళ్లీ దేగ్‌లోనే పోస్తారు, ఎందుకంటే అందులో ఇంకా పూల సారం ఉంటుంది. మర్నాడు కొత్త పూలు, అదే చందన తైలం. ఇలా రోజుల తరబడి, నూనె ఇక పట్టలేనంత వాసన పట్టేదాకా సాగుతుంది. చందనమే ఎందుకంటే, దాని సొంత వాసన మెత్తన, ఆవిరయ్యే వేగం బహు తక్కువ. తేలిగ్గా ఎగిరిపోయే గులాబీనో మల్లెనో గంటల తరబడి పట్టి ఉంచుతుంది. తయారైన అత్తరును తోలు కుప్పిలో పోసి ఉంచితే మిగిలిన తేమ తోలు గుండా బయటికి పోతుంది. ఏ ఆధారతైలమూ లేకుండా తీసిన శుద్ధ సారాన్ని రూహ్ అంటారు. ఒక కిలో గులాబీ రూహ్‌కు మూడు నాలుగు వేల కిలోల పూలు కావాలి. అంత ఖరీదు ఎందుకో ఇక వేరే చెప్పనక్కర్లేదు.

కన్నౌజ్ చేసే వాటిలో నాకు అన్నిటికన్నా గొప్పగా తోచేది మట్టి అత్తరు. పువ్వు లేదు, ఆకు లేదు, వేరు లేదు. కాల్చిన మట్టి బిళ్లలను దేగ్‌లో వేసి, తొలకరికి ముందు, ఎండలు మండే రోజుల్లో ఆవిరి పడతారు. మూత తీసి వాసన చూస్తే ఎండిన చేలో తొలి చినుకు పడ్డట్టే ఉంటుంది. 1964లో ఇసబెల్ జాయ్ బేర్, రిచర్డ్ థామస్ అనే ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలు ‘నేచర్’ పత్రికలో ఆ వాన వాసనకు పెట్రికోర్ అని పేరు పెట్టారు. అప్పటికే కన్నౌజ్‌లో దాన్ని బుడ్డికెత్తి అమ్ముతున్నారని ఆ వ్యాసంలో వారే రాశారు. రాయలసీమలో పుట్టి పరదేశంలో స్థిరపడ్డ మనిషికి ఇవ్వడానికి ఇంతకన్నా తగిన కానుక నాకు తెలియదు.

మొగలిపువ్వు సంగతి మనకు మరీ దగ్గర. ఇచ్ఛాపురం దాటితే వచ్చే గంజాం జిల్లా తీరం ఆ పువ్వుకు ప్రసిద్ధి. అక్కడి మొగలి రూహ్‌కు భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. బిర్యానీ మీద చల్లే కేవడా నీరు వచ్చేది కూడా ఆ పువ్వు నుంచే.

ఈ కళకు ఇవాళ పెద్ద కష్టం చందనమే. చెట్లు తగ్గాయి, ధర ఆకాశాన్నంటింది. చాలా బట్టీల్లో భాప్కాలోకి ఇప్పుడు వాసన లేని లిక్విడ్ పారఫిన్ చేరింది. దాన్ని దాచకుండా చెప్పి, తక్కువ ధరకు అమ్మితే తప్పు పట్టను. కృత్రిమ వాసనను రంగునూనెలో కలిపి శుద్ధ గులాబీ అని అమ్మడం మాత్రం మోసమే. వంద రూపాయల బుడ్డిలో అసలు గులాబీ ఉండదు.

కానుకకు ఎంచేటప్పుడు తీసుకునే మనిషినీ, కాలాన్నీ కలిపి ఆలోచించాలి. ఎండాకాలానికి వట్టివేరు, గులాబీ, మొగలి; చలికాలానికి మూలికలు, మసాలా దినుసులతో కాచే షమామా, హినా. జడలో మల్లెలు లేనిదే గడప దాటని అమ్మకు బేలా అత్తరు. ఏదీ తేల్చుకోలేకపోతే మజ్మువా. వట్టివేరు, మొగలి, కదంబం, మట్టి కలిసిన పాతకాలపు కూర్పు అది. దుకాణంలో మూడు నాలుగింటికి మించి వాసన చూడకండి, ముక్కు అలిసిపోతుంది. చేతి మీద రాయించుకుని, ఓ గంట బజారులో తిరిగొచ్చి, అప్పుడు నిర్ణయించుకోండి. తొలి ఘాటు పోయాక మిగిలేదే మీరు కొంటున్నది. పట్టుచీర మీద నూనె మరక పడుతుంది కాబట్టి మణికట్టుకో చెవి వెనకో పూసుకోమని చెప్పి ఇవ్వండి.

డబ్బు తీసేముందు ఒక్క మాట అడగండి: ఇందులో ఆధారం చందనమా, పారఫినా? సూటిగా జవాబిచ్చే దుకాణంలోనే కొనండి. తులం కొనే స్తోమత లేకపోతే పావు తులమే కొనండి, కానీ అసలుదే కొనండి.