గిటారు రంధ్రపు పువ్వు: ఒక పరిశీలన

అలంకారాన్ని గురించి వ్రాసేవారు సాధారణంగా రెండు దారుల్లో ఒక దాన్ని పడతారు. కొందరు దాన్ని వస్తువుకు పైపూతగా భావించి, ఒకటి రెండు మెచ్చుకోలు మాటలతో సరిపెడతారు. మరికొందరు, ముఖ్యంగా ఇస్లామీయ కళలను గురించి వ్రాసేవారు, ఎక్కడ నక్షత్రాకృతి కనిపించినా, ఎక్కడ అల్లిక కనిపించినా దాని మూలం బాగ్దాదులోనో కొర్దోవాలోనో ఉన్నదని నిరూపించి తృప్తి పడతారు. చేతిపనితో తయారైన గిటారు రంధ్రం చుట్టూ ఉండే పువ్వు ఈ రెండు పద్ధతుల వల్లా నష్టపోయిన కళ. మొదటివారు దాన్ని చూడనే లేదు. రెండవవారు దాని వంశవృక్షాన్ని చూశారు కాని, అది ఎలా తయారవుతుందో చూడలేదు.

ముందుగా పేరు సంగతి. ఊద్ అనే అరబ్బు తీగవాద్యానికి పొట్ట మీద ఒక పెద్ద రంధ్రం, తరచుగా దానికి తోడు రెండు చిన్న రంధ్రాలు ఉంటాయి. వాటిలో అమర్చిన జాలీ పనిని అరబ్బీలో షంసా, అంటే సూర్యబింబం, అంటారు. చిన్నవాటిని ఖమర్, అంటే చంద్రుడు, అనడమూ ఉంది. తుర్కీ భాషలో అది కఫెస్, ఉర్దూ ఎరిగినవారికి తెలిసిన ఖఫస్ అన్న మాటే. పంజరం అని అర్థం. వ్రాతప్రతుల మొదటి పుటల్లో బంగారు నీలి రంగులతో దిద్దే కిరణాల చక్రానికి కూడా షంసా అనే పేరు. షాజహాను చిత్రసంపుటికి 1645 ప్రాంతంలో వేసిన షంసా నేటికీ న్యూయార్కులోని మెట్రోపాలిటన్ మ్యూజియంలో ఉంది. ఈ వాద్యం స్పెయిను మీదుగా ఐరోపాకు చేరి, అల్-ఊద్ అనే పేరు ల్యూట్‌గా మారినప్పుడు, షంసా రోజా అయింది. సూర్యుడు గులాబీ అయ్యాడు. పంజరమన్న భావన పూర్తిగా జారిపోయింది. అనువాదంలో ఒక మాట మారితే వస్తువును చూసే చూపు కూడా మారుతుందనడానికి ఇంతకంటె మంచి ఉదాహరణ దొరకదు. పంజరం అన్నప్పుడు మనసు కమ్మీల మధ్య ఖాళీ మీదికి పోతుంది. పువ్వు అన్నప్పుడు రేకుల మీదికి పోతుంది.

వాద్యాల విషయంలో ఫుఖహాల మధ్య అభిప్రాయభేదం ఉన్న మాట వాస్తవం. ఆ చర్చ ఇక్కడ ప్రస్తుతం కాదు. అల్-కిందీ, అల్-ఫారాబీ వంటి తత్త్వవేత్తలు ఊద్ తీగల నిష్పత్తులను గణితంగా చర్చించారన్న సంగతి మాత్రం ఇక్కడ పనికివస్తుంది. ఎందుకంటే ఆ వాద్యపు పువ్వు కూడా చివరికి ఒక లెక్కే.

ఊద్‌లోనూ ల్యూట్‌లోనూ పువ్వు రంధ్రం లోపలే ఉంటుంది. ల్యూట్ చేసేవాడు పువ్వును విడిగా చేసి అతికించడు. పొట్ట పలకనే ఆ చోట మరింత పలుచన చేసి, గీతలు వేసి, సన్నని కత్తితో ఖాళీలను తొలిచి తీస్తాడు. పలక పగలకుండా వెనుక వైపు చిన్న చిన్న అడ్డుబద్దలు అతికిస్తాడు. కనుక అక్కడ ఆకృతి అంటే మిగిలిన చెక్క ఎంతో, తీసివేసిన చెక్క అంత. ఒక గీత సన్నగిల్లితే పువ్వు విరుగుతుంది. మందమైతే గాలి దారి మూసుకుపోతుంది. ల్యూట్ పువ్వుల్లో కనిపించే అల్లికకు దగ్గరి చుట్టంగా లియొనార్డో దా వించీ ముడుల చిత్రాలను చెప్పడం ఉంది. ఆ ముడులను 1506, 1507 ప్రాంతంలో డ్యూరర్ మళ్ళీ చెక్కాడు. అయితే కాగితం మీది ముడి ఎంత చిక్కుపడినా నిలుస్తుంది. పలక మీది ముడి తన బరువును తానే మోయాలి.

గిటారు చరిత్రలో ఈ స్థితి రెండు మెట్లలో మారింది. పదిహేడవ శతాబ్దపు గిటార్లలో తోలుకాగితాన్ని కత్తిరించి అంతస్తులుగా పేర్చి, రంధ్రంలోనికి దిగే మెట్లబావి వంటి పువ్వును అమర్చేవారు. స్త్రాదివారీ 1679లో చేసిన, నేటికీ నిలిచివున్న గిటారు ఆ కాలానిదే. పద్దెనిమిదవ శతాబ్దం చివరికి ఆ పువ్వు తొలగి, రంధ్రం బోసిగా మిగిలింది. స్పెయిను వారు ఆ రంధ్రాన్ని బోకా, అంటే నోరు, అంటారు. నోరు తెరుచుకున్నాక పువ్వు బయటికి వచ్చి, చుట్టూ వలయంగా పరుచుకుంది. అల్మెరియాకు చెందిన ఆంతోనియో దే తోర్రెస్ (1817-1892) నేటి గిటారుకు రూపం ఇచ్చాడు. పొట్ట పలకే స్వరానికి ప్రాణమని చూపడానికి 1862లో వెనుకభాగాన్నీ పక్కలనూ అట్టతో చేసి ఒక గిటారు తయారుచేసిన మనిషి ఆయన. అంత లెక్కగా పనిచేసిన అతడే వలయానికి చెక్కముక్కల పొదుగుడు పనిని ఎంతో శ్రద్ధతో చేశాడు. వయొలిను జాతి వాద్యాల రంధ్రాల మీద 2015లో అమెరికాలోని ఎం.ఐ.టి. పరిశోధకులు ప్రచురించిన అధ్యయనం, రంధ్రం నడుమ కంటె దాని అంచు వెంబడే గాలి వేగంగా కదులుతుందని చూపింది. అంటే పువ్వు ఖాళీని విడిచి అంచును చేరడం వాద్యానికి పనిలేని చోటికి పోవడమేమీ కాదు.

వలయపు పువ్వు తయారీ చూడదగ్గది. రంగు వేసిన, వేయని పలుచని చెక్క పొరలను ఒకదాని మీద ఒకటి అతికించి, ఆ దొంతరను నిలువునా కోస్తే చారల పట్టీలు వస్తాయి. గళ్ళ కాగితం మీద ముందే గీసుకున్న క్రమంలో ఆ పట్టీలను పక్కపక్కన చేర్చి మళ్ళీ అతికిస్తే, ఒక పొడుగాటి కడ్డీ తయారవుతుంది. కడ్డీని అడ్డంగా కోస్తే ప్రతి ముక్క ముఖం మీదా అదే బొమ్మ కనిపిస్తుంది. ఆ బిళ్ళలను పలకలో వృత్తాకారంగా తొలిచిన గాడిలో వరుసగా పేర్చి, జిగురు ఆరాక చదును చేస్తారు. చేతిలో ఉన్నది నలుచదరపు బిళ్ళ. నింపవలసింది గుండ్రని గాడి. ఈ కళలోని చిక్కంతా ఇక్కడే ఉంది.

ఒక లెక్క చూద్దాం. గిటారు రంధ్రం వ్యాసం సుమారు 85 మిల్లీమీటర్లు. పొదుగుడు పట్టీ కేంద్రం నుండి 48 మి.మీ. దగ్గర మొదలై 56 మి.మీ. దగ్గర ముగుస్తుందనుకుంటే, నడిమి చుట్టుకొలత దాదాపు 327 మి.మీ. అయిదు మి.మీ. వెడల్పు బిళ్ళలు 65 పడతాయి. కాని లోపలి అంచున ఒక్కొక్క బిళ్ళకు దొరికే చోటు 4.6 మి.మీ. మాత్రమే; వెలుపలి అంచున 5.4. కనుక ప్రతి బిళ్ళనూ లోపలి వైపు సన్నగా రాచుకోవాలి, లేదా కడ్డీనే మొదటినుండి ఏటవాలుగా కట్టుకోవాలి. ఇక వలయంలో కొంత భాగం మెట్ల పలక చివర కిందికి పోతుంది. అతుకు అక్కడ దాగుతుంది గనుక 65 సరిగ్గా 65 కాకపోయినా ఫరవాలేదు. పైకి కనబడే భాగం మాత్రం పలక నడిమిగీతకు ఇరువైపులా సమంగా ఉండకపోతే చూసే కంటికి వెంటనే దొరికిపోతుంది. మంచి పనివాడు వలయపు అడుగున, నడిమిగీత మీద మొదటి బిళ్ళ పెట్టి రెండు వైపులా పైకి పోతాడు.

ఈ దృష్టితో చూసినప్పుడు ఇటీవలి కాలంలో ఎక్కువగా కనిపించే ఒక పోకడను విమర్శించక తప్పదు. అల్-హమ్రా గోడల మీది ఎనిమిది కోణాల నక్షత్రాన్ని తీసుకుని వలయంలో చుట్టి, దానికి ఇస్లామీయ నమూనా అని పేరు పెట్టడం పరిపాటి అయింది. గోడ మీది నక్షత్రం చదరపు గడిలో పుట్టింది. అది నాలుగు వైపులా అంతులేకుండా సాగడానికి ఏర్పడినది. ప్రతి నక్షత్రపు కోణం పక్క నక్షత్రపు కోణాన్ని కలుసుకొని, నడుమ మరొక ఆకారాన్ని పుట్టిస్తుంది. దాన్ని వంచి వలయంలో బిగిస్తే వెలుపలి కోణాలు సాగుతాయి, లోపలివి నలుగుతాయి. నడుమ పుట్టవలసిన ఆకారం పుట్టదు. మిగిలేది అచ్చువేసిన నక్షత్రాల దండ. ఇందులో పూర్వుల బొమ్మ ఉంది, పూర్వుల పద్ధతి లేదు. పద్ధతిని తీసుకున్నవాడు ముందుగా వృత్తాన్ని విభజిస్తాడు. పన్నెండో, పదహారో, ఇరవైనాలుగో భాగాలు చేసి, ఆ భాగంలో ఏ కోణం ఇముడుతుందో చూసి, తర్వాతనే నక్షత్రాన్ని గీస్తాడు. గుంబజు లోపలి నగిషీ చేసిన మేస్త్రీలు చేసినదీ అదే. ఒంపు ఉన్నచోట వారు గోడ బొమ్మను ఉన్నదున్నట్టు ఎక్కించలేదు.

వంశవృక్షం విషయంలో కూడా నిదానం అవసరం. షీరాజులోని ఖాతం పనిలో చెక్క, ఎముక, లోహపు సన్నని ముక్కోణపు పుల్లలను కట్టగా అతికించి అడ్డంగా కోస్తారు. బొంబాయి, సూరత్ పెట్టెల మీది సదేలీ పని కూడా అదే కుదురుకు చెందినది. గ్రనాదాలోని పొదుగుడు పనికి తరాసియా అనే పేరు అరబ్బీ తర్సీ నుండి వచ్చింది. మాట ప్రయాణించిన దారి స్పష్టమే. అంతమాత్రాన ప్రతి స్పెయిను గిటారు వలయమూ షీరాజు శిష్యరికమని తేల్చడం న్యాయం కాదు. పుల్లలు కట్టి అడ్డంగా కోస్తే ఒకే బొమ్మ పదే పదే దొరుకుతుందన్న సంగతి చెక్కతో పనిచేసే ఏ తెలివైన చేయి అయినా కనిపెట్టగలదు. ఇస్లామీయ కళ అనే గొడుగు పేరు కింద పనివాడి తెలివిని కప్పివేయడం ఆ కళకు గౌరవం కాదు.

ఇదంతా దూరదేశాల ముచ్చట అనుకోనక్కరలేదు. 1970 వరకు గుంటూరు జిల్లాలో, ఆ తర్వాత ప్రకాశంలో, 2022 నుండి బాపట్ల జిల్లాలో ఉన్న పర్చూరు ప్రాంతం పత్తికీ మిరపకీ పేరుపొందింది. ఆ పక్కనే ఉన్న చీరాలలో నేసిన తేలియా రుమాళ్ళు ఒకప్పుడు అరబ్బు దేశాలకు ఎగుమతి అయ్యేవి. నూలును నూనెలోనూ ఆముదపు కాయల బూడిదలోనూ నానబెట్టి, పడుగునూ పేకనూ కూడా నేయక ముందే ముడులు కట్టి, ఎరుపు నలుపు రంగుల్లో ముంచి, మగ్గం మీద రెండింటినీ కలిపేవారు. బొమ్మ నేతలో పుట్టదు. మగ్గం ఎక్కకముందే పోగుల లెక్కలో పుడుతుంది. ఒక ముడి జరిగితే నక్షత్రం అంచు చెదురుతుంది. గిటారు వలయం చేసేవాడి గళ్ళ కాగితానికీ చీరాల నేతగాడి పోగుల లెక్కకూ మధ్య ఉన్నది పదార్థభేదమే, బుద్ధి ఒక్కటే. అరబ్బు కొనుగోలుదారుల కోసం గీతల నమూనాలు నేసిన ఆ చేతులే తర్వాత గడియారాలనూ విమానాలనూ కూడా అదే గళ్ళలో ఇమిడ్చాయి. లెక్క తెలిసినవాడికి బొమ్మ కొత్తదైనా భయం లేదు.

ఈ విషయంలో తెలుగువారి సొంత వాద్యం వైపు చూస్తే కొంత బాధ కలుగుతుంది. బొబ్బిలిలోనూ నూజివీడులోనూ పనస కర్రతో వీణలు చేస్తారు. సరస్వతీ వీణ పలక మీద రెండు గుండ్రని పువ్వులు ఉంటాయి. ఒకప్పుడు అవి ఏనుగు దంతంతో చేసినవి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టానికి 1986లోనూ 1991లోనూ వచ్చిన సవరణలతో దంతపు వ్యాపారం ముగిసింది. అది అవసరమైన చట్టం. దాన్ని నిందించే పని లేదు. కాని దంతం పోయిన చోటికి చాలావరకు ప్లాస్టిక్ వచ్చింది. దంతపు పువ్వులోని సన్నని గీతలు దంతపు గట్టితనాన్ని బట్టి, ఉలి నడకను బట్టి ఏర్పడినవి. వాటిని ప్లాస్టిక్‌లో పోతపోస్తే గీత ఉంటుంది, దానికి కారణం ఉండదు. గిటారు చేసేవారికీ ఇటువంటి ఇబ్బందే వచ్చింది. 1992లో బ్రెజిలు రోజ్‌వుడ్ వ్యాపారం మీద అంతర్జాతీయ నిషేధం పడినప్పుడు, వారిలో తెలివైనవారు దానికి నకలు వెదకడం మాని, దొరికే చెక్కల రంగులకు తగిన కొత్త వలయాలు గీసుకున్నారు. పనస పసుపు, మద్ది నలుపు, వేప ఎరుపు మన పనివారికి తెలియనివి కావు. వాటితో వీణకు ఒక కొత్త పువ్వు గీయించడం అసాధ్యమేమీ కాదు.

పువ్వు మారితే స్వరం మారుతుందా అని అడిగేవారు ఉంటారు. వలయపు పువ్వు వల్ల స్వరంలో చెవికి తెలిసేంత తేడా వస్తుందని చెప్పడం అతిశయోక్తి అవుతుంది. దాని విలువ మరొకచోట ఉంది. పొట్ట లోపలి బద్దలు ఎంత శ్రద్ధగా అతికించారో కొనేవాడికి కనబడదు. ఎవరికీ కనబడని పనిలో పాటించిన నియమం, అందరికీ కనబడే ఈ నాలుగు అంగుళాల వలయంలో బయటపడుతుంది. అందువల్ల విమర్శకుడు దాని ముందు నిలిచి మూడు ప్రశ్నలు వేయాలి. లెక్క కుదిరిందా? ఆకారం ఈ పదార్థంలోంచే పుట్టిందా? అది రంధ్రాన్ని గౌరవించిందా, లేక దాని పక్కన నిలబడి తన్ను తాను చూపుకుంటోందా? ఈ మూడింటికీ జవాబు చెప్పగల పువ్వు ఏ దేశానిదైనా, ఏ పేరుతో పిలిచినా, మంచి పువ్వే. చెప్పలేని దానికి అల్-హమ్రా పేరు తగిలించినంత మాత్రాన వన్నె రాదు.