ముస్లిం సమాజ పరిశోధనలో సమాచార సేకరణ: ఒక విమర్శ

పరిశోధన అనగానే మన విశ్వవిద్యాలయాల్లోని యువకులకు మొట్టమొదట స్ఫురించేది ప్రశ్నావళి. విషయం వక్ఫ్ భూముల పరిస్థితి కానివ్వండి, బాలికల విద్య కానివ్వండి, నాలుగు పేజీల ప్రశ్నావళి ఒకటి తయారవుతుంది. రెండు వందల మంది చేత దాన్ని నింపిస్తారు, శాతాలు కడతారు, పట్టికలు వేస్తారు. మనం తెలుసుకోదలచినది ఏమిటి, అది ఎవరికి తెలుసు, వారి దగ్గర ఏ రూపంలో ఉంది అన్న విచారణ వీటన్నిటికంటె ముందు జరగవలసినది. అదే జరగడం లేదు. వక్ఫ్ భూమి సంగతి గెజెట్లలోను, రెవెన్యూ రికార్డుల్లోను, కోర్టు దావాల్లోను ఉంటుంది. జుమా నమాజుకు వచ్చినవారిని వరుసగా నిలబెట్టి అడిగితే దొరికేది వారి అభిప్రాయమే గాని ఆ భూమి చరిత్ర కాదు. అభిప్రాయానికి విలువ లేదని నేననను. అది వేరు, ఇది వేరు.

ఈ వివేచన మనకు కొత్తదేమీ కాదు. అల్‌బీరూనీ సుమారు 1030లో పూర్తిచేసిన భారతదేశ గ్రంథం ఈ చర్చతోనే ప్రారంభమవుతుంది. కంటితో చూసినదానికి విన్నది సాటి రాదని ఒప్పుకుంటూనే, చూపు ఆ క్షణానికి, ఆ చోటికి మాత్రమే పరిమితమనీ, గడచిపోయిన కాలాన్ని తెలుసుకోవాలంటే వార్త మీద ఆధారపడక తప్పదనీ, అందుచేత వార్త చెప్పేవాని ప్రయోజనమేమిటో తూచి చూడాలనీ ఆయన వాదించాడు. హదీసు పండితులు ఇంకా సూక్ష్మంగా వెళ్ళారు. ఒక ఉల్లేఖకుడు "ఫలానా వారి నుండి" అని మాత్రమే చెప్పినపుడు, ఆ ఇద్దరూ నిజంగా కలుసుకున్నట్టు రుజువు కావాలన్నది ఇమాం బుఖారీ షరతు. ఇద్దరూ సమకాలికులై కలుసుకోగల అవకాశం ఉంటే చాలునన్నది ఇమాం ముస్లిం అభిప్రాయం. మదరసాలో ఈ భేదాన్ని నెలల తరబడి చదువుకున్న మనవాళ్ళే, సర్వే పట్టిక ఒకటి చేతికి రాగానే, దాన్ని నింపినవాడు ఆ ఇంటి గడప తొక్కాడా లేదా అని అడగరు!

సచ్చర్ కమిటీ సంగతి చూద్దాం. 2005 మార్చిలో ఏర్పడి, 2006 నవంబరులో నివేదిక ఇచ్చిన ఈ కమిటీ ఒకే పద్ధతిని పట్టుకు వేలాడలేదు. 2001 జనాభా లెక్కలను, జాతీయ నమూనా సర్వే వారి 61వ విడత వివరాలను, బ్యాంకుల లెక్కలను తీసుకుంది. రాష్ట్రాలు తిరిగి జనం చెప్పుకున్నదాన్ని విన్నది. విన్నదాన్ని లెక్కలతో కలగాపులగం చెయ్యక, దానికి విడిగా ఒక అధ్యాయం కేటాయించింది. నా దృష్టిలో ఆ నివేదికకు బలం అక్కడే ఉంది. ముస్లిం పిల్లల్లో అత్యధికులు మదరసాలకే పోతారన్న ప్రచారం అప్పటికి బాగా పాతుకుపోయి ఉంది. బడి వయసు పిల్లల్లో మదరసాల్లో చదివేవారు నూటికి ముగ్గురో నలుగురో మాత్రమేనని కమిటీ తేల్చింది. మక్తబుకు పోయే పిల్లలను కూడా మదరసా లెక్కలో వేసుకోవడం వల్ల ఆ భ్రమ పెరిగిందని కూడా చెప్పింది.

ఇది కేవలం గణాంకాల చిక్కు కాదు, మాటల చిక్కు. అరబ్బీలో మదరసా అంటే పాఠం చెప్పే చోటు. అరబ్బు దేశాల్లో సర్కారు బడి కూడా మదరసాయే. మన ఊళ్ళలో పొద్దుటి పూట మసీదులో ఖుర్ఆన్ చదవడం నేర్పే గంట సేపటి చదువుకూ అదే పేరు. "మీ అబ్బాయి మదరసాకు వెళ్తాడా అమ్మా?" అని కర్నూలులోనో గుంటూరులోనో అడిగితే, ఏ తల్లి అయినా "వెళ్తాడండీ" అనే అంటుంది. ఆ పిల్లవాడే తొమ్మిది గంటలకు సంచీ తగిలించుకుని మునిసిపల్ బడికి పోతాడు. ఆ సంగతి ఎవరూ అడగలేదు కాబట్టి ఆమె చెప్పలేదు. ఒకసారి ఒక సంస్థవారు ఆంగ్లంలో తయారైన ప్రశ్నావళిని తెలుగు, ఉర్దూల్లోకి మార్చమని నాకు పంపారు. విద్యాసంస్థ అన్న శీర్షిక కింద ప్రభుత్వ, ప్రైవేటు, మదరసా అని మూడు గళ్ళు. ఒక్కదానికే టిక్కు పెట్టాలి. మక్తబుకు వేరే ప్రశ్న ఉండాలని రాస్తే, అనువాదకుడు అనువాదం చేస్తే చాలునని సమాధానం వచ్చింది. మా వృత్తిలో ఆ మాట తరచు వినేదే!

స్త్రీల పని విషయంలో కూడా ఇంతే. "మీ ఆవిడ పని చేస్తుందా?" అంటే "లేదండీ, ఇంట్లోనే ఉంటుంది" అంటాడు ఇంటి యజమాని. ఆయన వెనక గదిలో ఆమె బీడీలు చుడుతూనో, చీరకు జర్దోజీ పని చేస్తూనో ఉంటుంది. జవాబు అబద్ధం కాదు, పని అంటే ఆయన భాషలో బయటికి పోయి చేసేది. ఇటువంటి చోట రోజులో ఏ గంట ఏం చేశారో వరసగా చెప్పించుకునే కాల వినియోగ సర్వే మేలు. 2019లో దేశవ్యాప్తంగా ఒకటి జరిగింది. అయితే దానికి ఖర్చు, ఓపిక రెండూ ఎక్కువ కావాలి. నూటికి తొంభై పరిశోధనల్లో పద్ధతిని నిర్ణయించేది ఈ రెండే అని నా అనుమానం.

ఇక కులం. జాతీయ నమూనా సర్వేలో 1999-2000లో ముస్లింలలో 31.7 శాతం మంది తాము ఇతర వెనుకబడిన తరగతుల వారమని చెప్పుకున్నారు. 2004-05 నాటికి అది 40.7 శాతమయింది. పుట్టుకతో వచ్చేది అయిదేళ్ళలో అంత పెరగదు. పెరిగినది ఆ జాబితాల గురించిన ఎరుక అయి ఉండాలి, కొంతవరకు జాబితాలు కూడా పెరిగి ఉండవచ్చు. "మీ కులమేది?" అని సూటిగా అడిగితే, "ముస్లింలం, మాలో కులాలు లేవు" అని భక్తితోనే చెప్పేవారున్నారు. అదే మనిషి పక్కన కూర్చుని, తాతగారు ఏం చేసేవారు, మీ అమ్మాయిని ఏ ఇళ్ళకిస్తారు అని మాటల్లో పెడితే, రోళ్ళకు, తిరగళ్ళకు కక్కు కొట్టిన సంగతి, అత్తరు అమ్మిన సంగతి బయటికి వస్తాయి. ఇది పూటలో తెమిలే పని కాదు.

తెమలని పనిని తెమిల్చినందుకు మనం చెల్లించిన మూల్యం కోర్టు తీర్పుల్లో ఉంది. అప్పటి ఆంధ్రప్రదేశ్‌లో ముస్లింలకు 5 శాతం రిజర్వేషన్ ఇచ్చిన 2004 నాటి ఉత్తర్వును హైకోర్టు ఆ ఏడే కొట్టివేసింది. 2005లో మళ్ళీ చట్టం తెస్తే, వెనుకబాటుతనాన్ని కొలవడానికి కమిషన్ సరైన ప్రమాణాలు పాటించలేదని నవంబరులో దాన్నీ కొట్టివేసింది. 2007లో పి.ఎస్. కృష్ణన్ నివేదిక వచ్చింది. ఆ మీదట తురక కాశలు, అత్తరు సాయిబులు, అచ్చుకట్లవాండ్లు మొదలైన 14 సమూహాలకు 4 శాతం ఇస్తూ చట్టం చేశారు. సమూహాల వారీగా, వృత్తుల వారీగా చూడడం వల్ల ఇది మునుపటికంటె ఎంతో మెరుగు. అయినా 2010 ఫిబ్రవరిలో ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం, మెజారిటీ తీర్పుతో, సమాచార సేకరణనే మళ్ళీ తప్పు పట్టింది. మార్చిలో సుప్రీంకోర్టు ఇచ్చిన మధ్యంతర ఉత్తర్వుతో ఆ రిజర్వేషన్ నిలిచింది. ఎందరో బీద పిల్లల ఇంజనీరింగు, మెడికల్ సీట్లు ఆ ఉత్తర్వు నీడనే వచ్చాయి. తీర్పుల మీద మన సభల్లో ఆగ్రహ తీర్మానాలు చాలా జరిగాయి. వాటిలో సేకరణ పద్ధతి గురించి న్యాయమూర్తులు రాసిన పేజీలను చదివి, ఇందులో నిజమెంత అని చర్చించిన సభలు మాత్రం బహు అరుదు.

తెలంగాణలో 2024 నవంబరులో ఇంటింటి కుల సర్వే మొదలయింది. ముస్లింలు 12.56 శాతమనీ, అందులో వెనుకబడిన తరగతుల ముస్లింలు 10.08 శాతమనీ 2025 ఫిబ్రవరిలో ప్రకటించారు. ఇందులో షేక్ అన్న పేరు ఎంత భాగమో విడిగా పరిశీలించవలసి ఉంది. షేక్ ఆ 14 సమూహాల్లో ఒకటి, కాని మన జిల్లాల్లో ఏ వృత్తివారైనా పేరుకు ముందు పెట్టుకునే మాట కూడా అదే. 2027 జనాభా లెక్కల్లో కులాన్ని నమోదు చేస్తామని కేంద్రం ప్రకటించింది. ఈ లోపల మన పరిశోధకులు చేయదగినది ఒకటుంది. కొత్త ప్రశ్నావళులు కాసేపు పక్కన పెట్టి, జిల్లాకు రెండు మూడు బస్తీల్లో కూర్చుని, వృత్తుల పేర్లను, ఆ వృత్తివారు తమను తాము పిలుచుకునే పేర్లను, ఇరుగుపొరుగు వారిని పిలిచే పేర్లను తెలుగులోను, దక్కనీలోను రాసిపెట్టుకోవాలి. కక్కు కొట్టడమంటే ఏమిటో తెలియని గణకుడు ఆ గడిలో "కూలి" అని రాసి పక్కింటికి పోతాడు.