దేవాలయంలో దాత ముఖం: లేపాక్షి, ఖోరా చిత్రాలపై ఒక పరిశీలన

మా మంగంపేట ప్రాంతపు మందిరాల్లో ఫ్యాను రెక్కల మీద, బల్లల వెనుక, ద్వారం పక్కనున్న శిలాఫలకం మీద దాతల పేర్లు కనబడుతుంటాయి. ఇదంతా డంబమని కొట్టివేయడం కాపరులకు సులభమే. కుడిచేయి చేసేది ఎడమచేతికి తెలియకూడదన్న ప్రభువు బోధ సిద్ధంగా ఉన్నది. అయితే దాతలను చిత్రించిన పాత గోడల్ని చూస్తే విషయం అంత తేలికగా తేలదు.

రాయలసీమలో ఇందుకు నిదర్శనం లేపాక్షి. అచ్యుతదేవరాయల (1529–1542) కాలంలో విరూపణ్ణ, వీరణ్ణ సోదరులు కట్టించిన ఆలయపు పైకప్పున పెద్ద వీరభద్రుడు, ఆయన చెంత చిన్నవిగా ఆ అన్నదమ్ములు. చిన్నగా గీయడంలో వినయమున్నది. విజయనగర కొలువుకు గుర్తయిన పొడవాటి కుళ్ళాయి మాత్రం తలపై అలాగే ఉన్నది.

దానికి రెండు వందల యేండ్ల ముందు కాన్‌స్టాంటినోపుల్‌లోనూ ఇదే తంతు. ఖోరా మఠాలయాన్ని 1315–1321 ప్రాంతంలో పునరుద్ధరించిన థియోడోర్ మెటోఖిటెస్, చక్రవర్తి రెండవ ఆండ్రోనికస్‌కు ముఖ్యమంత్రి వంటివాడు. ద్వారంపైనున్న మొజాయిక్‌లో అతడు మోకరించి, సింహాసనాసీనుడైన క్రీస్తుకు ఆలయపు నమూనాను అందిస్తున్నాడు. తలపై బుట్టంత తలపాగా! దీనిని గర్వమని మాత్రమే చదివితే చిత్రకారునికి అన్యాయం చేసినట్లే. క్రీస్తు చూపు దాత వైపు లేదు. లోపలికి వస్తున్న మన వైపు ఉన్నది. అంత ఖర్చు పెట్టినవాడు పక్కనుండి వేడుకోవలసిందే.

చిత్రానికి అసలు వ్యాఖ్యానం తరువాతి చరిత్రలో ఉన్నది. 1328లో చక్రవర్తి పదవీచ్యుతుడు కాగానే మెటోఖిటెస్ ఆస్తి పోయింది, ప్రవాసం ప్రాప్తించింది. 1330 ప్రాంతంలో తిరిగివచ్చి ఖోరాలోనే సన్యాసిగా ఉండి, 1332లో మరణించాడు. ఆ ముసలి సన్యాసి ప్రార్థనకు వెళ్ళినప్పుడల్లా తలపాగా పెట్టుకున్న తన బొమ్మ తలుపుపైన ఉండేది.

ఇవి ధనికుల సంగతులు. గ్రీసులోని మానీ ప్రాంతంలో, పోలెమితాస్ గ్రామపు మిఖాయేలు ఆలయంలో 1278 నాటి శాసనమొకటి ఉన్నది. చిన్న చిన్న భూఖండాలిచ్చిన గ్రామస్థుల పేర్లు అందులో వరుసగా ఉన్నాయి. కళ దృష్ట్యా ఖోరా ముందు అది నిలవదు. సంఘం దృష్ట్యా నాకు అదే మేలనిపిస్తుంది: అక్కడ ఒక్క ముఖం గోడనంతా ఆక్రమించలేదు.

మన ఫలకాల్లో చోటు దొరికేది సాధారణంగా ఫలానా మొత్తానికి పైబడి ఇచ్చినవారికే. ముగ్గురాయి మిల్లులో కూలికి పోయి, ఆదివారం ఆరాధన తరువాత మందిరానికి ఇసుక మోసిన స్త్రీ ఆ లెక్కలోకి రాదు. రెండు కాసులు వేసిన విధవరాలిని శిష్యులకు వేలెత్తి చూపినది ప్రభువే కదా. తరువాతి ఫలకం చెక్కించేటప్పుడు సంఘ కమిటీ ముందు ఈ మాట ఎత్తవలసినది కాపరే.