కంటి ఎత్తున కెమెరా

ఏటా ఆగస్టు 19న మన మండల కేంద్రాల్లో ఫొటోగ్రాఫర్ల సంఘాలవాళ్లు లూయీ డాగురే చిత్రపటానికి పూలమాల వేస్తారు. 1839లో అదే రోజున ఫ్రెంచి ప్రభుత్వం ఆయన కనిపెట్టిన పద్ధతిని లోకానికి వెల్లడించింది. అందుకే అది ప్రపంచ ఫొటోగ్రఫీ దినోత్సవం. కేకు కోస్తారు, ఆస్పత్రిలో పండ్లు పంచుతారు, పెద్దవయసు ఫొటోగ్రాఫర్‌కు శాలువా కప్పుతారు. పెళ్లిళ్ల సీజనులో రాత్రీ పగలూ కాళ్లమీద నిలబడే మనుషులు ఏడాదికి ఒక్కరోజు తమ వృత్తికి తాము దండం పెట్టుకోవడం చూస్తే నాకు కడుపు నిండినట్టుంటుంది.

ఆ పండుగకు ఇంకొక్కటి తోడు కావాలని నా కోరిక. ఆ ఊరి ఆడవాళ్ల పని ఫొటోలు, ఆ ఊళ్లోనే, ఆ ఆడవాళ్లు నడిచే తోవలోనే పెట్టాలి. తీసినవాళ్లలో ఆడవాళ్లూ ఉండాలి. పెనుబల్లి లాంటి చోట ఇది ఎంత అవసరమో, ఎంత సులువో చెప్పడానికే ఈ వ్యాసం.

ఖమ్మం నుంచి సత్తుపల్లి వెళ్లే తోవలో పెనుబల్లి మండలం తగులుతుంది. లంకాసాగర్ కింద వరి మళ్లు, నీలాద్రి గుట్టల అడవి, కొత్తగూడెం భద్రాచలాల వైపు సాగే కోయ, లంబాడా పల్లెలు. ఇక్కడ ఏడాది అంటే ఆడవాళ్ల చేతుల మీదుగా తిరిగే పనుల వరస. సంక్రాంతి దాటితే మిర్చి ఏరుడు, ఎండలు ముదిరేవేళకు ఇప్పపువ్వు, ఏప్రిల్ మే నెలల్లో తునికాకు, వానలు పడ్డాక నాట్లు, కలుపు, దసరా తర్వాత పత్తి. ఇన్ని పనులు చేసే మనిషికి ఉన్న ఫొటోలు ఏవి? ఆధార్ కార్డులో ఒకటి, బ్యాంకు పాసుపుస్తకంలో ఒకటి, సంఘం మీటింగులో వెనక వరుసలో ఒకటి, ఎవరి పెళ్లి ఆల్బంలోనో అంచున సగం ముఖం. ఆమె పోయాక దండ వేసి గోడకు పెట్టే ఫొటో కూడా చాలాసార్లు ఆ ఆధార్ ముఖాన్నే పెద్దది చేయించింది. డెబ్బై ఏళ్లు పొలంలో బతికిన మనిషి పొలంలో ఉన్న ఫొటో ఇంట్లో ఒక్కటీ ఉండదు. ఇది నాకు పెద్ద అన్యాయంగా తోస్తుంది.

ఆ ఫొటో ఎలా తీయాలో నేర్చుకోవడానికి మనం దూరం పోనక్కర్లేదు. జహీరాబాద్ దగ్గర పస్తాపూర్‌లో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల ఆడవాళ్లు 1990ల చివర్లో వీడియో కెమెరా పట్టారు. దళిత మహిళలు, కూలి చేసుకునేవాళ్లు, ఎక్కువమంది బడి మొహం చూడనివాళ్లు. 2001లో వాళ్లది కమ్యూనిటీ మీడియా ట్రస్టు అయింది. 2008 అక్టోబరు 15న మాచనూర్ నుంచి వాళ్ల సంఘం రేడియో కూడా మొదలైంది. 2023లో మనల్ని విడిచిపోయిన, సొసైటీ స్థాపకుల్లో ఒకరైన పి.వి.సతీష్ ఈ పనికి వెన్నుదన్ను. ఆ ఆడవాళ్లలో చిన్న నర్సమ్మ, హుమ్నాపూర్ లక్ష్మమ్మ లాంటి వాళ్ల పేర్లు ఈ దేశపు ఫిల్మ్ స్కూళ్లలో పాఠంగా చెప్పదగ్గవి.

ఎందుకంటే వాళ్లు కెమెరా కోణాలను తమ బతుకులోంచి అర్థం చేసుకున్నారు. పైనుంచి కిందికి చూసే షాటు వాళ్లకు పటేల్ షాటు. గుర్రం మీద నుంచో అరుగు మీద నుంచో దొర కూలివాళ్లను చూసే చూపు అదే కదా. కింద నుంచి పైకి చూసేది బానిస షాటు, తల పైకెత్తి దొరను చూసే మనిషిది. ఇక ఎదుటి మనిషి కంటికి సమానంగా కెమెరా పెట్టి తీసేది సంఘం షాటు. సంఘంలో అందరూ నేలమీద గుండ్రంగా కూర్చుంటారు, ఒకరి కన్ను ఒకరికి సమానంగా ఉంటుంది, కెమెరా కూడా ఆ గుండ్రంలోనే కూర్చోవాలి. సినిమా శాస్త్రం నూరు పేజీల్లో చెప్పే సంగతిని వాళ్లు మూడు మాటల్లో పెట్టారు. ఫొటో తీయడమంటే ముందు నువ్వు ఎక్కడ నిలబడతావో తేల్చుకోవడం.

దీన్ని పెనుబల్లి చేనులో పెట్టి చూద్దాం. మిర్చి చెట్టు నడుము దాకా పెరుగుతుంది. ఏరే ఆడవాళ్లు వంగి ఉంటారు. గట్టు మీద నిలబడి ఫోన్ ఎత్తిన వాడికి వీపులే దొరుకుతాయి, ఎర్రటి కాయల మధ్య రంగు చీరల వీపులు. క్యాలెండరుకు బాగుంటుంది, మనిషి మాత్రం కనపడదు. అదే సాళ్ల మధ్యకు దిగి, చెట్టు ఎత్తుకు గొంతుక్కూర్చుంటే ముఖం కనపడుతుంది, చెయ్యి కనపడుతుంది. చీరమీద తొడుక్కున్న మగవాళ్ల పాత ఫుల్ చేతుల చొక్కా, తలకు చుట్టిన తువ్వాల, తొడిమె దగ్గర కాయను పట్టి తెంచే బొటనవేలు. తేజ రకం కాయ మంట సాయంత్రానికి వేళ్లలోకి ఎక్కుతుంది. ఆ రాత్రి అన్నం కలుపుకోవాలన్నా కష్టమే. ఆ చేతిని చూపించని మిర్చి ఫొటో నా లెక్కలో సగం ఫొటోయే.

వెలుగు సంగతి కూడా చెప్పాలి. నడినెత్తిన ఎండ ఉన్నప్పుడు తువ్వాల కింద కళ్లు నల్లటి గుంటల్లా పడతాయి. వెనక తెల్లటి ఆకాశం ఉంటే ఫోను ఆకాశాన్ని చూసి వెలుగు తగ్గించేస్తుంది, ఎండకు కమిలిన ముఖం బొగ్గయిపోతుంది. అందుకని తెరమీద ముఖం మీద వేలు పెట్టి నొక్కాలి, వెలుగు కాస్త పెంచాలి, ఆకాశం తెల్లబోతే పోనివ్వాలి. పొద్దున ఎనిమిదిలోపు, సాయంత్రం నాలుగు తర్వాత నీడలు మెత్తబడతాయి. ముఖాన్ని తెల్లగా నున్నగా చేసే బ్యూటీ ఫిల్టరును మాత్రం మొదటే ఆపెయ్యాలి. ఆమె రంగును దిద్దే హక్కు మనకు లేదు.

తునికాకు ఇంకా కష్టమైన ఫొటో. అడవికి చీకటితో పోయి ఎండ ముదిరేలోగా తిరిగి వస్తారు. అసలు పని అప్పుడు ఇంటి నీడలో మొదలవుతుంది. యాభై ఆకులకు ఒక కట్ట, నారతో బిగించి కట్టడం. ముసలమ్మ, కోడలు, బడి సెలవుల్లో ఉన్న మనవరాలు ఒకే చాప చుట్టూ కూర్చుంటారు. ఆ వేళ్లు లెక్కపెట్టే వేగం చూడాలి. మాట్లాడుతూనే ఉంటారు, లెక్క తప్పదు. సాయంత్రం కల్లానికి కట్టలు చేరతాయి, అక్కడ వరసలుగా ఆరబోస్తారు. కల్లం ఫొటో అందరూ తీస్తారు, అది కాంట్రాక్టరు సరుకు. నీడలో ఆ ముగ్గురి వేళ్లు తీయాలంటే వాళ్లతో పాటు చాప పక్కన కూర్చోవాలి, పది కట్టలు కట్టే దాకా కెమెరా బయటికి తీయకుండా ఓపిక పట్టాలి. మొదటి పది నిమిషాల్లో మనుషులు కెమెరా కోసం కూర్చుంటారు, తర్వాత తమ కోసం కూర్చుంటారు.

ఓపిక అన్న మాట వచ్చింది కాబట్టి పస్తాపూర్ ఆడవాళ్ల ఇంకో పద్ధతి చెబుతాను. 2002లో బీటీ పత్తికి అనుమతి వచ్చాక వాళ్లు వరంగల్ జిల్లా రైతుల దగ్గరికి పోయారు. ఒక్కసారి పోయి రాలేదు. విత్తు దగ్గరినుంచి అమ్మకం దాకా, ఏడాది తర్వాత ఏడాది, మళ్లీ మళ్లీ అదే ఊళ్లకు పోయి చిత్రించారు. అలా మూడేళ్ల కథ తయారైంది. ఒక్క ఫొటో అబద్ధం ఆడొచ్చు. మూడేళ్లు వరసగా తీసిన ఫొటోలతో అబద్ధం ఆడించడం చాలా కష్టం. పెనుబల్లిలో ఒక స్టూడియో కుర్రాడు ఒకే చేనును, ఒకే కూలి జట్టును నాట్ల నుంచి నూర్పిళ్ల దాకా తీశాడనుకోండి, ఆ వరస పక్కన ఏ విడి ఫొటో అయినా వెలవెలబోతుంది.

ఇక చూపించడం. దీంట్లో మనకు దారి చూపినవాడు పాత్రికేయుడు పాలగుమ్మి సాయినాథ్. 1993 నుంచి 2002 దాకా పది రాష్ట్రాల్లో తిరుగుతూ పల్లె ఆడవాళ్ల పనిని నలుపు తెలుపుల్లో తీశారు. కంటికి కనపడే పని, కనపడని ఆడవాళ్లు అన్నది ఆ ఫొటోలతో పెట్టిన ప్రదర్శన ఆలోచన. నాటేవాళ్లలో నూటికి తొంభై మంది, విత్తేవాళ్లలో నూటికి డెబ్బై ఆరుగురు ఆడవాళ్లేనని ఆ ప్రదర్శనలోనే రాసి ఉంటుంది. విజయనగరం దగ్గర తీసిన ఫొటో ఒకటుంది అందులో. పొలం ఆసాములు కెమెరా ముందు నిటారుగా నిలబడ్డారు, అదే పొలంలో ఆడకూలీలు వరసగా నడుములు వంచి పని చేస్తున్నారు. రైతు ఫొటో అనగానే మన కళ్లకు ఎవరు ఆనతారో, ఎవరు ఆనరో ఆ ఒక్క చిత్రం చెప్పేస్తుంది.

సాయినాథ్ చేసిన పెద్ద పని ఆ ఫొటోలను గ్యాలరీ దాటించడం. బస్టాండ్లలో, రైల్వే స్టేషన్లలో, ఫ్యాక్టరీ గేట్ల ముందు, కూలీల సభల్లో పెట్టారు. ఫొటోలో ఉన్నవాళ్ల లాంటి మనుషులే ఆగి చూశారు. 2014లో ఆయన మొదలుపెట్టిన గ్రామీణ భారత ప్రజల భాండాగారం, అందరూ పరి అని పిలిచేది, ఇప్పుడు ఆ చిత్రాలను అందరికీ అందుబాటులో ఉంచింది. హైదరాబాద్‌లో 2015 నుంచి జరుగుతున్న ఇండియన్ ఫొటోగ్రఫీ ఫెస్టివల్ మంచి పండుగే, మాదాపూర్ గ్యాలరీలో లోకంలోని గొప్ప ఫొటోలు కనపడతాయి. కానీ మిర్చి ఏరే అక్క మాదాపూర్ పోదు.

ఫొటోలు తీసిన చోటికి తిరిగి రాకపోవడం మన ప్రాంతంలో పాత కథే. 1940ల మొదట్లో మానవ శాస్త్రవేత్త హైమెన్‌డార్ఫ్ గోదావరి గట్ల కొండరెడ్ల మధ్య తిరిగి, 1945లో వాళ్ల మీద పుస్తకం అచ్చువేశాడు. ఆ పర్యటనల ఛాయాచిత్రాలు లండన్‌లోని సోయాస్ విద్యాసంస్థకు చేరాయి. ఆయన ఆదివాసుల కోసం నిజంగా పాటుపడ్డ మనిషి, ఆ చిత్రాలు ఈనాడు మనకు పెన్నిధి. అయినా అందులో ఉన్న స్త్రీల మనవరాళ్లకు తమ అవ్వ ముఖం ఎప్పుడు కనపడాలి? ఇంకా వెనక్కి పోతే, 1892లో ఫొటోగ్రాఫర్ రాజా దీనదయాళ్ హైదరాబాద్‌లో పరదా స్త్రీల కోసం జెనానా స్టూడియో పెట్టి, దాన్ని కెన్నీ లెవిక్ అనే ఇంగ్లీషు స్త్రీకి అప్పగించారు. ఆడవాళ్లను ఆడవాళ్లే తీస్తే సిగ్గూ బెరుకూ తగ్గుతాయన్న తెలివి అప్పటికే ఉంది. కాకపోతే అది పెద్దింటి ఆడవాళ్లకే దక్కింది. వరంగల్ బిడ్డ భరత్ భూషణ్, 2022లో పోయిన ఆ ఫొటోగ్రాఫర్, బతుకమ్మలనూ పాత ఇళ్ల తలుపులనూ సామాన్య స్త్రీల రోజువారీ బతుకునూ ఏళ్లతరబడి తీసి ఆ లోటును కొంత పూడ్చాడు.

పెనుబల్లిలో చేయాలంటే ఖర్చు పెద్దది కాదు. పన్నెండు బై పద్దెనిమిది అంగుళాల ప్రింట్లు ఒక ముప్పై చాలు. ఫ్లెక్సీ వద్దు, ఎండకు మెరిసి ముఖాలు కనపడవు, మరుసటి వారం ఎవరో ఒకరు పశువుల కొట్టం మీద కప్పుతారు. మాట్ పేపరు మీద ప్రింటు వేయించి, అట్టకు అంటించి, సంత రోజున వి.ఎం.బంజరలోనో, శివరాత్రికి నీలాద్రి జాతర తోవలోనో చెట్లకు తాడు కట్టి, క్లిప్పులతో వేలాడదీయాలి. వేలాడదీసే ఎత్తు కూడా ముఖ్యమే. ఐదడుగుల ఆడమనిషి కంటికి సరిగ్గా ఎదురుగా ఉండాలి, పిల్లలకు ఇంకో వరస కింద.

ప్రతి ఫొటో కింద రెండు మూడు ముక్కలు రాయాలి. ఆమె పేరు, ఊరు, చేస్తున్న పని, వీలైతే ఆమె నోటి మాట ఒకటి, ఆమె పలికినట్టే. కోయలోనో లంబాడీలోనో చెప్పి ఉంటే ఆ మాటనే తెలుగు లిపిలో రాయాలి. ఆదివాసీ మహిళ అని రాసి ఊరుకుంటే ఆధార్ కార్డు కంటే తక్కువ చెప్పినట్టు, దాంట్లో కనీసం పేరుంటుంది. చదవలేని వాళ్లకోసం బడిపిల్లలు పక్కన నిలబడి చదివి వినిపించాలి. ఒక తాడు మొత్తం ఆడవాళ్లు తమ ఫోన్లతో తీసిన ఫొటోలకే ఇవ్వాలి. మసకగా వచ్చినా సరే, వాళ్లు దేన్ని తీశారో చూడాలి. మనవడి ముఖం, కొత్తగా ఈనిన బర్రె, వాన ముందు ఆరబోసిన మిర్చి, ఎవరికీ చెప్పకుండా తీసుకున్న సొంత ముఖం. మండలంలోని స్టూడియోల వాళ్లు ఆ రోజు ప్రింట్ల పని భుజాన వేసుకుంటే, డాగురే దండ పక్కన వాళ్ల పేరూ నిలబడుతుంది.

ఇష్టం అడిగే పని రెండుసార్లు జరగాలి. తీసే ముందు ఒకసారి, తాడుకు పెట్టే ముందు ప్రింటు చేతికిచ్చి ఇంకోసారి. ఇంట్లో ఒప్పుకున్న ఫొటో సంతలో నలుగురి ముందు ఇబ్బంది అనిపించవచ్చు, మొగుడో కొడుకో ఏమన్నా అనవచ్చు, కూలికి పిలిచే రైతు మొహం మాడ్చుకోవచ్చు. పోడు భూమిలో తీసినవైతే ఇంకా జాగ్రత్త, ఆ ఫొటో ఫారెస్టువాళ్ల దగ్గర కేసుకు సాక్ష్యంగా మారవచ్చు. వద్దంటే కారణం అడగకుండా పక్కన పెట్టాలి. పెట్టిన తర్వాత వచ్చి తీసేయమన్నా తీసేసి ఆమెకే ఇవ్వాలి. సాయంత్రం తాళ్లు విప్పేటప్పుడు మిగిలిన ప్రింట్లు కూడా ఎవరివి వాళ్లకే ఇచ్చి పంపాలి, సంఘం ఆఫీసు బీరువాలో దాచకూడదు.