నవలా గోష్ఠులు - స్నేహం

నవలల మీద చర్చాగోష్ఠులు జరిగితే విమర్శ పెరుగుతుందనీ, స్నేహాలు ఏర్పడతాయనీ అంటూ వుంటాం. ఏర్పడే స్నేహం ఎటువంటిదన్న ప్రశ్న మాత్రం వేసుకోం. ఆ ప్రశ్న నాకు ‘మాలపల్లి’ చర్చలో ఎదురయింది.

కొన్నేళ్ళ క్రితం మేం ఎనిమిదిమందిమి ప్రతి ఆదివారం సాయంత్రం మా వూరి గ్రంథాలయంలో చేరి నవలలు చర్చించేవాళ్ళం. 1922లో వెలువడిన ఉన్నవ లక్ష్మీనారాయణగారి నవల వంతు వచ్చినప్పుడు చర్చ నేనే ప్రారంభించాను. మాల కుటుంబాన్ని కథకు కేంద్రంగా నిలిపిన సాహసాన్నీ, ఆనాటి మద్రాసు ప్రభుత్వం విధించిన నిషేధాన్నీ వివరించాను. భూస్వామి చౌదరయ్య కొడుకు రామానాయుడికీ సంగదాసుకూ మధ్యనున్న స్నేహాన్ని ఆదర్శమన్నాను. రామదాసు ఓర్పును మెచ్చుకున్నాను. అందరూ తలలూపారు.

మాలో మాలపల్లెలో పుట్టిపెరిగిన ఉపాధ్యాయ మిత్రుడొకాయన వున్నాడు. ‘ఇద్దరూ స్నేహితులే. చౌదరయ్య చేతిలో చచ్చిపోయింది ఎవరు?’ అని అడిగాడు. అది రచయిత చారిత్రక పరిమితి అన్నాను. ‘ఆయన పరిమితి సరే, మనది? చర్చ అయ్యాక మీలో ఒకరింటికి కాఫీకి పోతాం. మా ఇంటికి ఒక్కనాడయినా వచ్చారా?’ అన్నాడు. ఎవరం మాట్లాడలేదు.

నవల మళ్ళీ చదివాను. రామదాసుకు భూమి పోయింది, కొడుకులు పోయారు. ఆ ఓర్పును గుణంగా చూశానే తప్ప, దానికి ఆ కుటుంబం చెల్లించిన మూల్యం చూడలేదు. తక్కెళ్ళ జగ్గడుగా మారి ధనికులను దోచి పేదలకు పంచిన వెంకటదాసును ఉపకథగా దాటవేశాను. మిత్రుడికి నవల అక్కడే మొదలవుతుంది. తండ్రి దారికీ కొడుకు దారికీ వున్న సంఘర్షణను ఉన్నవ దాచలేదు. దాచింది నా చదువు. ‘పరిమితి’ అన్న మాటను నేను ప్రశ్నను మూసేయడానికి వాడుకున్నాను.

మరుసటి ఆదివారం గోష్ఠి ఆ మిత్రుడి ఇంట్లో పెట్టుకున్నాం. ముగ్గురు రాలేదు, పనులున్నాయన్నారు. వాళ్ళతో నాకు ఈనాటికీ పలకరింపు వుంది. ఆనాడు ఆ ఇంట్లో కూర్చున్నవాళ్ళతో స్నేహం వుంది.

గోష్ఠులు నిర్వహించే మిత్రులకు ఒక్కటే మనవి. నవలలోని జీవితం ఎవరిదో వారి వాడకు వెళ్ళండి. మొదటి మాట వారినే చెప్పనివ్వండి.